ముక్కోటి టికెట్ కోసం మూడు ఫోన్లు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల: పండగ రోజు గుడికి టికెట్ దొరకడం ఎలా? అందుకే పొలం గట్టు తగాదాలు, జుట్టు రాలే బాధలు వచ్చే సంచికకు నెట్టేసి, ఈ పేజీ మొత్తం టికెట్లకే ఇచ్చేశాం. జవాబులు రాస్తున్న నేను తిరుపతిలోనే పుట్టి పెరిగాను. అయినా మీలాగే ఉదయం పది గంటలకు ఫోన్ పట్టుకుని కూర్చునేదాన్నే. మా చుట్టాలు మాత్రం నమ్మరు. తిరుపతిలో ఉండి రెండు టికెట్లు ఇప్పించలేవా అని ఇప్పటికీ మొహం ముడుచుకుంటారు.

ప్రశ్న: పోయిన ఏడాది తిరుమలలో డిసెంబరు నెల దర్శనానికి 300 రూపాయల టికెట్లు వదిలిన రోజు నేను, మా ఆవిడ, మా అబ్బాయి మూడు ఫోన్లు పట్టుకుని తొమ్మిదిన్నర నుంచే కూర్చున్నాం. ముక్కోటి ఏకాదశి రోజైన డిసెంబరు 30 మీద ఎంత నొక్కినా కదలదు, మెదలదు. సరే వేరే రోజైనా చూద్దామనుకునేసరికి అవన్నీ అయిపోయాయి. అమ్మానాన్నలను వైకుంఠ ద్వారం గుండా తీసుకెళ్లాలని మూడేళ్లుగా అనుకుంటున్నాను. మేం చేసిన తప్పేంటి?
- ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: తప్పేమీ లేదండీ, మీరు నిలబడిన లైను వేరు, మీకు కావాల్సిన లైను వేరు, అంతే. మీ ఒక్కరికే కాదు, ఏటా వేలమందికి ఇదే జరుగుతుంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

తిరుమల టికెట్లు సాధారణంగా మూడు నెలల ముందు నెలవారీ కోటాగా వదులుతారు. మార్చిలో వెళ్లాలంటే డిసెంబరులో, జూన్‌లో వెళ్లాలంటే మార్చిలో అన్నమాట. ఆ నెలలో 18వ తేదీ ఉదయం పదికి సుప్రభాతం, తోమాల, అర్చన, అష్టదళ పాదపద్మారాధన లాంటి సేవలకు లక్కీ డిప్ రిజిస్ట్రేషన్ మొదలై రెండు రోజులు ఉంటుంది. తర్వాత కల్యాణోత్సవం, ఊంజల్ సేవ లాంటివి. మీరు చెప్పిన 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం 24వ తేదీ ఉదయం పదికి, గదులు అదే రోజు మధ్యాహ్నం మూడుకి. ఇది మామూలు రోజుల లెక్క. ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అవుతుంటుంది, అందుకే ఆ వారంలో టీటీడీ ప్రకటన ఒకసారి చూసుకోవాలి.

వైకుంఠ ద్వార దర్శనం రోజులు ఈ లెక్కలో ఉండవు. వాటికి విడిగా, పండగకు కొన్ని వారాల ముందు మాత్రమే కోటా ప్రకటిస్తారు. మీరు సెప్టెంబరులో తట్టిన తలుపు ఆ రోజు అసలు తెరిచే తలుపే కాదు. డిసెంబరు 30 కోసం కూర్చుని, చేతికి అందాల్సిన డిసెంబరు 10ని వదిలేసుకున్నారు. నాకైతే అదే ఎక్కువ బాధ అనిపించింది.

పోయిన ముక్కోటికి ఏం చేశారో చూడండి. 2025 డిసెంబరు 30 నుంచి 2026 జనవరి 8 దాకా పది రోజులు ద్వారం తెరిచారు. మొదటి మూడు రోజులకు, అంటే డిసెంబరు 30, 31, జనవరి 1కి, ఎవరు ముందు నొక్కారన్న పందెమే లేదు. నవంబరు 27 నుంచి డిసెంబరు 1 దాకా ఎప్పుడు తీరితే అప్పుడు పేర్లు నమోదు చేసుకోమన్నారు. వెబ్‌సైట్లోనైనా, యాప్‌లోనైనా, వాట్సాప్‌లోనైనా సరే. డిసెంబరు 2న డిప్ తీశారు. ఆ మూడు రోజుల కోసం ఇరవై లక్షల మందికి పైగా నమోదు చేసుకుంటే ఉన్న టోకెన్లు రెండు లక్షల లోపే. అంటే పదిమందిలో ఒకరికి కూడా రాలేదు. ఇక్కడ మూడు ఫోన్లు ఉన్నా ఒకటే, ముప్పై ఉన్నా ఒకటే, పేరు పడాలి అంతే. జనవరి 2 నుంచి 8 దాకా 300 రూపాయల టికెట్లు రోజుకు కొన్ని వేలు విడిగా వదిలారు, అవి కాక మామూలు భక్తులను టోకెన్ లేకుండానే నేరుగా క్యూ కాంప్లెక్స్‌లోకి పంపారు.

ఇప్పుడు మీరు ఇంట్లో కూర్చుని తేల్చుకోవాల్సింది ఒకటుంది. అమ్మానాన్నలకు కావాల్సింది ఏకాదశి రోజా, వైకుంఠ ద్వారమా? పాతకాలంలో ఏకాదశి, ద్వాదశి రెండు రోజులే తెరిచేవారు కాబట్టి ఈ రెండూ ఒకటే అయ్యేవి. 2020 డిసెంబరు నుంచి పది రోజులు తెరుస్తున్నారు. ద్వారం అయితే ఐదో రోజో ఏడో రోజో వెళ్లండి, అదే ద్వారం, అదే స్వామి, జనం మాత్రం కొంచెం తక్కువ. ఏకాదశే కావాలంటే డిప్‌లో పేరు వేసి, రాకపోతే ఏం చేయాలో ముందే అనుకుని పెట్టుకోండి. ఇద్దరికీ ఒకే సమాధానం ఉండకపోవచ్చు, మా ఇంట్లో నాన్నకు రోజు ముఖ్యం, అమ్మకు ద్వారం ముఖ్యం, ఆ ఏడాది వాదన తేలేలోపు రిజిస్ట్రేషనే ముగిసిపోయింది.

300 రూపాయల టికెట్ కోసం పది గంటలకు కూర్చునేవాళ్లకు నాలుగు ముక్కలు. నేను రెండేళ్లు వరసగా పోగొట్టుకుని నేర్చుకున్నవి. వెళ్లే అందరి పేర్లు, వయసులు, ఆధార్ నంబర్లు ముందు రోజే ఒకచోట టైప్ చేసి పెట్టుకోండి. పేరు ఆధార్‌లో ఎలా ఉంటే అలాగే, ఇంటి పేరు ముందుంటే ముందే. ఆ టైమ్‌కు నాన్న ఆధార్ కార్డు కోసం బీరువా వెతికితే అంతే సంగతులు. లాగిన్ అవ్వగానే వెయిటింగ్ రూమ్ లాంటి పేజీలో కూర్చోబెడతారు, ఇంకా ఇంత సమయం పడుతుందని గీత కదులుతుంటుంది, అక్కడ ఓపిక లేక పేజీని రిఫ్రెష్ కొట్టారో మళ్లీ తోక చివరికే. ఇంట్లో ఇద్దరు ముగ్గురు కూర్చోవడం మంచిదే కానీ ఒక్కొక్కరు వేరే వేరే తేదీ చూడండి. అందరూ శనివారం మీదే పడితే మీలో మీకే పోటీ. మంగళ, బుధవారాలు ఖాళీగా ఉంటాయని అనను, ఆలస్యంగా నిండుతాయి. ఒక లాగిన్‌లో ఆరుగురి దాకా బుక్ చేసుకోవచ్చు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు, వయసు రుజువు పట్టుకెళ్తే చాలు.

ఇక డబ్బు. నేను రెండోసారి పోగొట్టుకుంది ఇక్కడే. తేదీ దొరికింది, స్లాట్ దొరికింది, అందరి పేర్లూ నింపాను, బ్యాంకు ఓటీపీ రావడానికి నాలుగు నిమిషాలు పట్టింది. అది వచ్చేసరికి టికెట్లు వెళ్లిపోయాయి. అప్పటి నుంచి మా ఇంట్లో రెండు రకాల చెల్లింపులు సిద్ధంగా ఉంచుకుంటాం, ఒకటి యూపీఐ, ఒకటి కార్డు. ఒకవేళ డబ్బు కట్ అయి టికెట్ రాకపోతే కంగారుపడి వెంటనే మళ్లీ కట్టేయకండి. ముందు మీ లాగిన్‌లో బుకింగ్ హిస్టరీ చూడండి. అక్కడ టికెట్ లేకపోతే డబ్బు కొన్ని రోజుల్లో వెనక్కి వస్తుంది, నాకు వచ్చింది, టికెట్టే రాలేదు.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. జూన్‌లో ఇండియా వస్తున్నాం. ఈ మార్చి 24న ఉదయం పదింటికి సిద్ధంగా కూర్చుంటే టికెట్లు అన్నీ అయిపోయినట్టు చూపించింది. సెకన్లలో అయిపోతాయా?
- ఒక పాఠకురాలు, అమెరికా

జవాబు: సెకన్లలో కాదమ్మా, మీరు దాదాపు పదిన్నర గంటలు ఆలస్యంగా కూర్చున్నారు! 24వ తేదీ ఉదయం పది అంటే మన భారత కాలం. డాలస్‌లో అప్పటికి ఇంకా 23వ తేదీ రాత్రే. చలికాలంలో అయితే 23 రాత్రి పదిన్నర, మార్చిలో గడియారాలు ముందుకు జరిపాక నవంబరు దాకా రాత్రి పదకొండున్నర. ఫోన్‌లో ఇండియా టైమ్ పెట్టి అలారం కొట్టుకోండి, లెక్కలు వేయకండి, అర్ధరాత్రి లెక్కలు ఎప్పుడూ తప్పుతాయి.

ఇంకో మాట. ఓటీపీ, చెల్లింపు ఈ రెండూ విదేశీ నంబర్లతో, విదేశీ కార్డులతో విసిగిస్తుంటాయి. ఇక్కడ అన్నయ్యో వదినో ఉంటే వాళ్ల లాగిన్‌లో మీ పేర్లు పెట్టించడం తేలిక. ఆధార్ లేనివాళ్లు పాస్‌పోర్ట్ నంబరు ఇవ్వొచ్చు, దర్శనానికి వెళ్లేటప్పుడు అదే పాస్‌పోర్ట్, అసలుది, చేతిలో ఉండాలి. హోటల్ గదిలో భద్రంగా పెట్టి కొండెక్కినవాళ్లను నేను చూశాను.

ప్రశ్న: మా వీధిలో ఒకాయన మనిషికి మూడున్నర వేలు ఇస్తే 300 రూపాయల టికెట్ గ్యారంటీగా ఇప్పిస్తానంటున్నారు. ఎవరో ఎమ్మెల్యే లెటర్ కూడా ఉందట. ఇవ్వొచ్చా?
- ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: వద్దు. టికెట్ మీద పేరు, గుర్తింపు కార్డు నంబరు ఉంటాయి, పైన స్కాన్ చేసి కార్డుతో సరిపోలుస్తారు, ఒకరి టికెట్ మీద ఇంకొకరు వెళ్లడం కుదరదు. ఇలాంటివాళ్లు చేసేది రెండే పనులు. ఒకటి, మీ ఆధార్ తీసుకుని మీలాగే పది గంటలకు కూర్చుని ప్రయత్నించడం, దొరికితే మూడు వేలు మిగులు, దొరక్కపోతే ఫోన్ ఎత్తరు. రెండోది, కంప్యూటర్‌లో తేదీ మార్చిన నకిలీ టికెట్ చేతిలో పెట్టడం. అది మీకు తెలిసేది క్యూలో స్కానింగ్ దగ్గర, వెనక మీ కుటుంబం మొత్తం నిలబడి ఉండగా. పైగా ముక్కోటి పది రోజుల్లో సిఫార్సు లేఖల మీద బ్రేక్ దర్శనాలు, అంటే ప్రముఖులకు విడిగా ఇచ్చే దర్శనాలు, ఇవ్వరు, ప్రోటోకాల్ ఉన్నవాళ్లు స్వయంగా వస్తే తప్ప. కాబట్టి ఆ లెటర్ ఎవరిదైనా ఆ రోజుల్లో చెల్లదు.

డబ్బు పెట్టగలిగితే అధికారికంగానే ఒక దారి ఉంది. టీటీడీ వారి శ్రీవాణి ట్రస్టుకు పదివేలు విరాళం ఇచ్చి, 500 పెట్టి బ్రేక్ దర్శనం టికెట్ తీసుకోవచ్చు. మనిషికి 10,500. అది ఖరీదే, కాదనను, కానీ ఆ డబ్బు గుళ్లు కట్టడానికి వెళ్తుంది, రసీదు వస్తుంది. వీధి చివరి ఆయన రసీదు ఇస్తారా అడగండి.

వెబ్‌సైట్ పేరు కూడా సరిచూసుకోండి. టీటీడీ అసలు సైట్ చివర ఏపీ డాట్ జీఓవీ డాట్ ఇన్ అని ఉంటుంది. గూగుల్‌లో పైన ప్రకటనగా వచ్చేదాన్ని నొక్కకండి.

ప్రశ్న: మా అమ్మకు 72 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ముక్కోటి రోజు ఉత్తర ద్వారం గుండా వెళ్తే చాలు, ఆ తర్వాత పోయినా పర్లేదు అంటోంది. వృద్ధుల కోటా ఉందని విన్నాను. ఎలా తీసుకోవాలి?
- ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: కోటా ఉన్న మాట నిజమే. 65 దాటినవాళ్లకు, దివ్యాంగులకు ప్రతి నెలా 23 ప్రాంతంలో మధ్యాహ్నం మూడుకి విడిగా టికెట్లు వదులుతారు. వాళ్లను మధ్యాహ్నం మూడింటికి పంపుతారు, క్యూలో పెద్దగా నిలబడక్కర్లేదు. కానీ అది మామూలు రోజుల సౌకర్యం. ముక్కోటి పది రోజులూ వృద్ధుల, చంటిపిల్లల తల్లిదండ్రుల ప్రత్యేక దర్శనాలు రద్దు. ఆ రోజుల్లో 72 ఏళ్ల మనిషైనా 22 ఏళ్ల కుర్రాడైనా ఒకే కంపార్ట్‌మెంట్.

మీరు అడగకపోయినా ఒక మాట చెప్పాలి. 2025 జనవరి 8 రాత్రి మా ఊళ్లో, తిరుపతిలో, ముక్కోటి టోకెన్ల కోసం గుమిగూడిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. టోకెన్లు ఇచ్చేది మర్నాడు తెల్లవారుజామున, జనం ముందు రోజు నుంచే వచ్చి కూర్చున్నారు. ఆ రాత్రి అంబులెన్సుల చప్పుడు మా వీధి దాకా వినిపించింది. టోకెన్ అంటే దర్శనం కూడా కాదు, దర్శనానికి వెళ్లే సమయం రాసిన చీటీ, దాని కోసం. అదే ఏడాది ఏప్రిల్ 30న సింహాచలం చందనోత్సవంలో 300 రూపాయల క్యూ పక్కన గోడ కూలి ఏడుగురు పోయారు. వాళ్ల దగ్గర టికెట్లు ఉన్నాయి. అందుకే ఎవరైనా పెద్దవాళ్లను పండగ రోజే తీసుకెళ్తానంటే నాకు కాస్త గుండె దడ.

మీ అమ్మగారి కోరిక చిన్నదేమీ కాదు, తీసిపారేయమనడం లేదు. నేనైతే ఇలా చేస్తాను. ముక్కోటి నాడు తెల్లవారుజామున మీ ఊళ్లోనే రంగనాయకస్వామి గుడికి తీసుకెళ్లండి. పెన్న ఒడ్డున అంత పెద్ద గుడి పెట్టుకుని కొండకే పోవాలా? ఉత్తర ద్వార దర్శనం తిరుమలలోనే ఉందనుకోవడం ఈమధ్య వచ్చిన అలవాటు, ఒకప్పుడు మన పెద్దవాళ్లంతా ఊరి గుళ్లోనే ఆ పూట ద్వారం దాటి ఇంటికొచ్చి ఉపవాసం ఉండేవారు. తర్వాత ఫిబ్రవరిలోనో మార్చిలోనో వృద్ధుల కోటాలో తిరుమల తీసుకెళ్లండి, ఆ నెలకు మూడు నెలల ముందు 23న మూడింటికి కూర్చుంటే చాలు. అమ్మ ఒప్పుకోకపోతే ఆవిడకు నా మాటగా చెప్పండి, ఆ తర్వాత పోయినా పర్లేదు అనడం మాత్రం మానేయమని.

ప్రశ్న: భద్రాచలంలో శ్రీరామనవమి కల్యాణం దగ్గర్నుంచి చూడాలి. 7,500 టికెట్ కొనాలా, 2,500 సరిపోతుందా?
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీ ఇద్దరూ దంపతులుగా వెళ్తుంటే 7,500 ఉభయదాతల టికెట్ ఇద్దరికీ కలిపి వస్తుంది కాబట్టి లెక్క మీరనుకున్నంత తేడా ఉండదు. మిగతావి 2,500, 2,000, 1,000, 300, 150 ఇలా సెక్టార్లుగా ఉంటాయి, ఒక్కొక్కటీ ఒక్కరికే, ధర తగ్గేకొద్దీ మండపం దూరమవుతుంది. నవమికి నెల ముందు నుంచి దేవస్థానం వెబ్‌సైట్ మీద ఓ కన్నేసి ఉంచండి, దగ్గరి సెక్టార్లు ముందు పోతాయి.

చాలామంది తప్పు చేసేది బుక్ చేశాక. ఆన్‌లైన్లో వచ్చిన కాగితంతో నేరుగా కల్యాణం జరిగే మిథిలా స్టేడియం గేటుకి పోకూడదు. దాన్ని, గుర్తింపు కార్డును చూపించి, భద్రాచలంలో దేవస్థానం చెప్పిన చోట అసలు టికెట్ తీసుకోవాలి. అది పండగ ముందు రోజుల్లోనే చేసుకుంటే హాయి. నవమి పొద్దున చేద్దామంటే ఊరంతా మీలాగే ఆలోచిస్తుంది. కల్యాణం అభిజిత్ లగ్నంలో, అంటే సరిగ్గా మిట్టమధ్యాహ్నం. ఏప్రిల్‌లో భద్రాచలం ఎండ సంగతి నేను చెప్పాలా, గోదావరి పక్కనే ఉన్నా ఉక్క తగ్గదు. నీళ్లు, తల మీదకి తుండు, చిన్నపిల్లలుంటే గ్లూకోజు.

టికెట్ దొరక్కపోతే తలంబ్రాలైనా తెప్పించుకోండి. తెలంగాణ ఆర్టీసీ లాజిస్టిక్స్ కౌంటర్లో ముందే డబ్బు కడితే కల్యాణం అయ్యాక ముత్యాల తలంబ్రాలు ఇంటికి తెచ్చిస్తారు, 2025లో 151 రూపాయలు తీసుకున్నారు. ఆ తలంబ్రాల్లో కలిసే కొన్ని బియ్యం తూర్పు గోదావరి జిల్లా కోరుకొండ వైపు భక్తులు వడ్లను గోళ్లతో ఒలిచి పంపేవి, గోటి తలంబ్రాలంటారు. ఒక గుప్పెడు ఒలిచి చూడండి, ఎంతసేపు పడుతుందో తెలుస్తుంది.

టికెట్ గొడవే వద్దనుకుంటే మీకు ఇంకో కల్యాణం ఉంది. కడప దగ్గర ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణం. అది రాత్రి పూట, వెన్నెల్లో. టికెట్ లేదు. ఎండా లేదు.

ప్రశ్న: తిరుమల బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ టికెట్ ఏ రోజు వదులుతారు?
- ఒక పాఠకుడు, చెన్నై

జవాబు: ఏ రోజూ వదలరు, ఎందుకంటే గరుడ సేవకు టికెట్టే లేదు. ఐదో రోజు సాయంత్రం మాడవీధుల్లో గ్యాలరీలు అందరికీ ఉచితం. ముందు వచ్చినవాళ్లది ముందు సీటు. జనం పొద్దున్నే కూర్చుంటారు, మధ్యలో లేచి బయటికి వస్తే మళ్లీ ఆ చోటు దొరకదు. ఆ రోజు ఘాట్ రోడ్డు మీద ద్విచక్ర వాహనాలను పంపరు, బైక్ మీద వద్దామనుకుంటే అలిపిరి దగ్గరే ఆగిపోతారు. బస్సులో రండి. ఓపిక ఉంటే అలిపిరి మెట్లు, 3,550.

ప్రశ్న: తిరుమల టికెట్ దొరికింది, తీరా చూస్తే ఆ రోజు మా ఆఫీసులో ఆడిట్. తేదీ మార్చుకోవచ్చా? పోనీ మా తమ్ముడిని పంపొచ్చా?
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: తేదీ మారదు, డబ్బు రాదు, తమ్ముడిని పంపితే స్కానింగ్ దగ్గర వెనక్కి పంపుతారు. ఆడిట్ వాయిదా వేయించే దారి చూడండి.

ప్రశ్న: డిప్ రాలేదు, 300 రాలేదు, సెలవూ అయిపోయింది. హైదరాబాద్‌లో కనీసం లడ్డూ అయినా దొరుకుతుందా?
- ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: దొరుకుతుంది. హిమాయత్‌నగర్‌లో టీటీడీ ఆలయానికి వెళ్లండి, ఒక్కో లడ్డూ 50 రూపాయలు. సరుకు వచ్చిన రోజు సాయంత్రానికే అయిపోతుంటుంది, అందుకని బయల్దేరేముందు ఫోన్ చేసి ఉన్నాయో లేదో కనుక్కోండి. అక్కడా క్యూ ఉంటుంది, చిన్నదేలెండి.